ఉప్పుగాలిలో తెల్ల కారు

మంచినీళ్లపేట,
6 ఫిబ్రవరి 2017.

అన్నయ్యకు దేవి నమస్కారాలు.

నీ కారు నిన్న మధ్యాహ్నం మూడింటికి మా వీధిలోకి వచ్చింది. ఈ సంగతి ఫోన్లో వదినకు చెప్పాను. కానీ నేను చెప్పింది ఆవిడ నీ చెవి దగ్గర అరిచి చెప్పి, నువ్వన్నది మళ్లీ నాకు చెప్పేసరికి మనిద్దరి మాటా మిగలడం లేదు. వదిన మాటే మిగులుతోంది. అందుకని ఇకమీద ఉత్తరం రాస్తాను. పదో తరగతి దాకా చదివించింది నువ్వే కదా.

నువ్వే తీసుకొస్తావనుకుని పొద్దున్నే చందువా చేప పులుసు పెట్టి కూర్చున్నాను. తీరా చూస్తే మీ పక్కింటి అసిరయ్య దిగాడు. "మీ అన్నకి కళ్లు మసకలమ్మా. రోడ్డు మీదకి రానన్నాడు" అని చెప్పి, పులుసు తిని, సాయంత్రం పలాసలో రైలెక్కి వెళ్లిపోయాడు.

వ్యాను లాంటి ఈ తెల్ల కారు చూడటానికి పేటంతా వచ్చింది. నాతోపాటు పలాస బజారుకు చేపలు తీసుకెళ్లే జగ్గమ్మ నీకు తెలుసుగా, కొబ్బరికాయ కొట్టింది ఆవిడే. కొట్టి లోపలికి తొంగి చూసి, "ఒలే దేవీ, ఎన్ని గంపలు పడతాయే దీన్లోన?" అంది. వెనక సీటు తీసేస్తే ఆరు పడతాయన్నాను. "మరి మనం ఎక్కడ కూకోవాలే?" అంది. ఆ సంగతి నేనూ ఆలోచించలేదు.

ఎక్కడ కూర్చున్నా ఆటోలో వేలాడటం కంటే నయమే. సర్వీసు ఆటోవాళ్లు గంప కనబడితే ఆపరు. ఆపినవాడు గంప వెనక కట్టమంటాడు, మమ్మల్ని దాన్ని పట్టుకుని నిలబడమంటాడు. పోయిన నెల ఒక రోజు నాలుగు ఆటోలు వెళ్లిపోయాక అయిదోది ఎక్కి పలాస చేరేసరికి తొమ్మిదిన్నర. అప్పటికి బజారు ఐసు లారీ చేపలు కొనుక్కుని ఇంటికి వెళ్లిపోయింది. తెల్లవారి వలలోంచి తీసిన వంజరాన్ని ఎవరూ అడగలేదు. మీ బావ ఏడాదిలో ఎనిమిది నెలలు పడమటి తీరంలో, వేరావల్‌లో బోటు మీదే. ఇక్కడ చేప చెడితే నేనొక్కదాన్నే చూడాలి. ఆ రోజే నీ కారు అడగాలనుకున్నాను.

కారు వచ్చిన రోజే ఒక తంటా కూడా వచ్చింది. జగ్గమ్మ హారన్ నొక్కింది. నొక్కింది నొక్కినట్టే లోపల ఉండిపోయింది. ఊరంతా ఒకటే మోత. చివరికి బోటు ఇంజన్లు బాగుచేసే ఆయన వచ్చి తీగ పీకేశాడు. ఇప్పుడు హారన్ లేదు.

కళ్లు మసకైతే నువ్వు నడపక్కర్లేదు. పక్క సీట్లో కూర్చుని రావచ్చు కదా. ఎందుకు రాలేదు?

దేవి.

*

నెల్లిమర్ల,
14 ఫిబ్రవరి 2017.

చిరంజీవి దేవికి అన్న అప్పలసూరి ఆశీస్సులు.

హారన్ తీగ కలిపించు. కానీ దాన్ని నమ్ముకుని నడపకు. హారన్ ఎదుటివాడి కోసం. అద్దాలు నీ కోసం. పొద్దున్న తాళం తిప్పేముందు మూడు అద్దాలూ తుడువు. ఇది మర్చిపోతే మిగతావన్నీ గుర్తున్నా ఒకటే.

కారును సముద్రంవైపు ముఖం పెట్టి నిలపొద్దు. ఇంటి గోడ చాటున పెట్టు. ఉప్పుగాలి ఇనుమును పైనుంచి కాదు, అడుగునుంచి తింటుంది. అందుకని రోజూ మంచినీళ్లతో అడుగుభాగం కడుగు. గంపల కింద దళసరి ప్లాస్టిక్ పట్టా పరిచి అంచులు జానెడు పైకి మడువు. ఐసు నీళ్లు రేకులోకి దిగితే రెండేళ్లకు నీ కాళ్ల కింద రోడ్డు కనపడుతుంది.

ఇంజను నీ సీటు కిందే ఉంటుంది. వేసవిలో కాలుతుంది. గోనె మడిచి వేసుకో. పొద్దున్నే రేడియేటరులో నీళ్లు చూడు. వేడిగా ఉన్నప్పుడు మూత తీయకు.

నేర్చుకోవడం పలాసలో డ్రైవింగు స్కూల్లోనే నేర్చుకో. మీ పేటలో బోటు నడిపేవాళ్లు నేర్పుతామంటారు, ఒప్పుకోకు. వాళ్లకు బ్రేకు అలవాటుండదు.

ఇరవై ఏళ్లు లారీ, ఎనిమిదేళ్లు ఈ కారు నడిపాను. ఇక చాలు. అసిరయ్య చెప్పింది నిజమే, కళ్లు సరిగా లేవు. ఈ వయసులో బస్సుల్లో తిరగాలనీ లేదు.

అప్పలసూరి.

దేవమ్మా, నాను వదినని. కవరు అంటించమని నా సేతికిచ్చి మీ అన్న పెరట్లోకి ఎల్లినాడు. అందుకని కింద రాస్తన్నాను. కళ్లు మసకలంట. పొద్దున్న నా సూదిలోకి దారం తనే ఎక్కించినాడు. మూడేళ్లయింది ఇల్లు కదిలి. నాతోటి కూడా మాటలు తగ్గించీసినాడు. నాను సెప్పిందే సెప్పి అలిసిపోయి ఊరుకుంతన్నాను. నీ ఉత్తరం మాత్రం నాలుగుసార్లు సదివినాడు. మళ్లీ రాయి.

*

మంచినీళ్లపేట,
28 మార్చి 2017.

అన్నయ్యకు,

డ్రైవింగు స్కూల్లో చేరి నెల దాటింది. నేర్పేది హరిబాబు గారు. ఆయన బళ్లో నేర్చుకునేవాళ్లలో నేనొక్కదాన్నే ఆడదాన్ని, నలభై దాటింది కూడా నాకొక్కదానికే. మొదటిరోజు "చీర కుచ్చిళ్లు పైకి దోపుకోండమ్మా, క్లచ్చి మీద పడుతున్నాయి" అనడానికి ఆయన పావుగంట మొహమాటపడ్డాడు.

కాశీబుగ్గ కూడలిలో బండి ఆగిపోయింది. వెనక బస్సు, బస్సు వెనక లారీ. అందరూ హారన్లే. తాళం తిప్పుతాను, ముందుకు ఎగిరి మళ్లీ ఆగుతుంది. బస్సు డ్రైవరు తల బయటపెట్టి, "అమ్మా, దిగిపోయి ఎనకనుంచి తోసినా ఎల్తాది" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. హరిబాబు గారు మాత్రం, "ఆ చప్పుడు మీది కాదు, వాళ్లది. మీరు గేరు తీసి మొదట్నుంచి చెయ్యండి" అన్నారు. చేశాను. వెళ్లింది.

నిన్న పరీక్ష తప్పాను. ఎనిమిది అంకె తిప్పమన్నారు. బాగానే తిప్పాను గానీ తిప్పుతున్నంతసేపూ కాళ్ల వైపు చూశానట. "రోడ్డు మీ కాళ్ల దగ్గర లేదమ్మా" అని బ్రేకు ఇన్‌స్పెక్టరు కాగితం పక్కన పెట్టేశాడు. వారం ఆగి మళ్లీ వెళ్తాను.

ఇంకొకటి అడగాలి. నీ ఉత్తరం ముందు పెట్టుకుని చాలాసేపు చూశాను. అక్షరాలు బియ్యపు గింజల్లా ఉన్నాయి. ఒక్క కొట్టివేత లేదు. మసక కళ్లవాడు ఇలా రాయడు, సూదిలోకి దారం ఎక్కించడు. నాకు పదమూడేళ్లు పెద్దవాడివి, నేను నిన్ను నిలదీయకూడదు. కానీ నువ్వు నడపడం మానేసింది కళ్ల వల్ల కాదని నాకు తెలిసిపోయింది. ఏమైందన్నయ్యా?

దేవి.

*

నెల్లిమర్ల,
5 ఏప్రిల్ 2017.

దేవికి,

కారు గురించి అడిగితే కారు గురించి రాస్తాను.

ముందు టైర్లలో గాలి ఎక్కువ పెట్టించకు, ఇసుకలో జారుతుంది. పరీక్షకు వెళ్లేటప్పుడు పలచటి చెప్పులు వేసుకో.

అప్పలసూరి.

*

మంచినీళ్లపేట,
9 మే 2017.

అన్నయ్యకు,

నీ ఉత్తరం అందింది. అయిదు లైన్లు. కోపం వచ్చిందని తెలిసి నెల రోజులు ఊరుకున్నాను. ఇక ఊరుకోలేను.

లైసెన్సు వచ్చింది. పలచటి చెప్పులే వేసుకున్నాను. ఏప్రిల్ పదో తేదీన మొదటిసారి గంపలతో పలాస వెళ్లాం. నేను, జగ్గమ్మ, మాతో చేపలమ్మే గురమ్మ, ఆరు గంపలు. జగ్గమ్మ ముందు సీట్లో, గురమ్మ గంపల మధ్య పీట వేసుకుని. దారంతా జగ్గమ్మ, "బస్సొస్తంది, బస్సొస్తంది" అంటూనే ఉంది. రెండు మైళ్ల దూరంలో ఉన్న బస్సుకు కూడా. ఏడు కాకుండానే బజారులో ఉన్నాం. ఐసు లారీ ఇంకా రాలేదు. ఒకావిడ కానాగంత చేపను వేలితో నొక్కి చూసి, "ఇది నిన్నటిది కాదే" అంది. "నిన్న ఇది సముద్రంలో ఉన్నాదమ్మా" అన్నాను. తొమ్మిదికల్లా గంపలు ఖాళీ. తిరిగి వస్తుంటే ముగ్గురం ఒక్క మాటా మాట్లాడుకోలేదు. మాట్లాడితే ఆ సంతోషం చెదిరిపోతుందేమో అన్నట్టు కూర్చున్నాం.

అలా అయిదు రోజులే. పదిహేనో తేదీ నుంచి వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కదా, రెండు నెలలు బోట్లన్నీ ఒడ్డునే. కారూ ఇంటి దగ్గరే. మొన్న తాళం తిప్పితే చప్పుడే లేదు. సీటు ఎత్తి చూస్తే ఎలుక వల పోగులూ కొబ్బరి పీచూ తెచ్చి ఇంజను పక్కన గూడు కట్టింది. తీగలు కొరికేసింది. బ్యాటరీ చచ్చింది. పలాస మెకానిక్కు వచ్చి చూసి, "పాత సామానోడికి ఇచ్చీండమ్మా" అన్నాడు. ఇవ్వనన్నాను.

ఇప్పుడు అసలు మాట. హరిబాబు గారితో నీ గురించి చెప్పాను, కోప్పడకు. చెవులు వినపడనివాళ్లకు కూడా సొంత బండి నడపడానికి లైసెన్సు ఇవ్వమని పోయిన ఏడాది ప్రభుత్వం ఉత్తర్వు పంపిందట. లారీకి కాదు, కారుకి ఇస్తారు. నీకు వినికిడి తగ్గిందని మా అందరికీ తెలుసు. నువ్వు మాత్రం బండి మానేసింది కళ్ల వల్లనే అంటావు. కళ్ల వల్ల కాదంటే ఉత్తరం అయిదు లైన్లయిపోతోంది. ఆ చెవుల వెనక ఏదో ఉంది. నాకు చెప్పు. చెప్పకపోయినా పర్వాలేదు, వచ్చి ఈ కారు బాగుచెయ్యి.

దేవి.

*

నెల్లిమర్ల,
20 మే 2017.

చిరంజీవి దేవికి,

ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చించాను. ఈసారి చించకుండా పోస్టు డబ్బాలో వేయాలని నిశ్చయించుకుని రాస్తున్నాను. మీ వదిన కూర్మమ్మకు కూడా తెలియని సంగతి.

మూడేళ్ల కిందట శ్రావణమాసంలో చీపురుపల్లికి సరుకు వేసుకుని వెళ్లాను. సగం దింపి, మిగతా సంచులతో విజయనగరం వైపు వస్తున్నాను. అప్పటికే చెవులు తగ్గుతున్నాయి. జలుబు అనుకున్నాను, వయసు అనుకున్నాను. ఎవరైనా రెండోసారి చెబితే వినపడినట్టు నవ్వేవాణ్ణి. కారు కుడివైపు అద్దం నెల రోజులుగా విరిగి ఉంది. రేపు వేయిద్దాం, మాపు వేయిద్దాం అని అలాగే తిరుగుతున్నాను. లోపలి అద్దానికి సంచులు అడ్డం.

గరివిడి దాటాక రోడ్డు పని జరుగుతోంది. ఒక పక్కంతా తవ్వేశారు. ఒక్క బండి పట్టే దారి. నేను తాపీగా వస్తున్నాను. మబ్బు పట్టి చల్లగా ఉంది. ఏదో కూనిరాగం కూడా తీస్తున్నాను.

దారి వెడల్పయిన చోట ఒక మోటారు సైకిలతను పక్కనుంచి దూసుకొచ్చి నా ముందు అడ్డం పెట్టాడు. బ్రేకు వేశాను. అప్పుడు నా పక్కనుంచి అంబులెన్సు వెళ్లింది. దాని కిటికీలోంచి ఒకావిడ నన్ను చూసింది. తిట్టలేదు. చూసింది, అంతే.

మోటారు సైకిలతను దిగి వచ్చి తిడుతున్నాడు. అతని నోరు కదలడం కనపడుతోంది. మాట రావడం లేదు. కాసేపటికి నా ముఖం చూసి ఆగిపోయాడు. తన చెవి మీద చెయ్యి పెట్టి, వినపడదా అన్నట్టు సైగ చేశాడు. నేను తల ఊపాను. నాకు వినపడదని నేను ఒప్పుకున్న మొదటి మనిషి అతనే. అతను నాలుగు వేళ్లు చూపించి, వెనక్కి చెయ్యి ఊపి వెళ్లిపోయాడు. నాలుగు కిలోమీటర్లు. నాలుగు కిలోమీటర్లు ఆ అంబులెన్సు నా వెనక మొత్తుకుంటూ వచ్చింది. నేను కూనిరాగం తీస్తూ ముందు నడిచాను.

లోపలున్న మనిషి ఏమయ్యాడో తెలియదు. మగో ఆడో, పెద్దో చిన్నో కూడా తెలియదు. ఇంటికొచ్చి కారు మీద పట్టా కప్పేశాను. కూర్మమ్మ ఎందుకని అడిగితే కళ్లన్నాను. చెవులంటే ఇదంతా చెప్పాల్సి వస్తుంది.

ఇది చదివాక నన్ను రమ్మని నువ్వు అడగవు. అందుకే రాశాను.

అప్పలసూరి.

*

మంచినీళ్లపేట,
1 జూన్ 2017.

అన్నయ్యకు,

ఉత్తరం పెరట్లో కూర్చుని చదివాను. ఆ మనిషికి ఏమీ కాలేదులే అని రాయాలనుకున్నాను. కానీ అది నాకు తెలియదు. తెలియనిదాన్ని రాస్తే నువ్వు కనిపెట్టేస్తావు.

నేను నీకు రాయనిది కూడా ఒకటుంది. మొదటిసారి పలాస వెళ్లిన మర్నాడే కారు వెనక్కి తీస్తూ వీధి కుళాయిని గుద్దాను. గొట్టం మొదలంటా విరిగిపోయింది. నీళ్లు ఇంటెత్తు లేచాయి. అన్ని ఇళ్లకూ అదే కుళాయి. బిందెలు పట్టుకుని ఆడవాళ్లందరూ వచ్చి చుట్టూ నిలబడ్డారు. నేను అద్దాలు ఎక్కించేసుకుని లోపలే కూర్చున్నాను. దిగడానికి ధైర్యం చాల్లేదు. జగ్గమ్మ వచ్చి అద్దం మీద కొట్టింది. "దిగే దేవీ. తిట్టించుకుంటే అయిపోద్ది. లోపల కూకుంటే ఎప్పటికీ అవదు" అంది.

దిగాను. తిట్టారు. మా ఆడపడుచు కూడా తిట్టింది. రెండు రోజులు నేనే చెరువు దగ్గర బావినుంచి కారులో బిందెలు తెచ్చి ఇంటింటికీ పోశాను. మూడో రోజు కుళాయి బాగయింది. ఆ తర్వాత ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

నీది కుళాయి కాదు, నాకు తెలుసు. రెండూ ఒకటని అనడం లేదు. కానీ నువ్వు ఇంకా బండి దిగలేదన్నయ్యా. మూడేళ్లుగా అద్దాలు ఎక్కించుకుని లోపలే కూర్చున్నావు. వదినకు చెప్పు. తిడితే తిట్టనీ.

పదిహేనో తేదీన బోట్లు వేటకు వెళ్తాయి. అప్పటికి కారు కదలకపోతే మళ్లీ ఆటోల కోసం నిలబడాలి. నాకు మెకానిక్కులు చెప్పేది నమ్మబుద్ధి కావడం లేదు. నిన్ను రమ్మని అడగననుకున్నావు. అడుగుతున్నాను. రా.

దేవి.

*

నెల్లిమర్ల,
2 జులై 2017.

చిరంజీవి దేవికి ఆశీస్సులు.

క్షేమంగా చేరాను. మీ ఇంట్లో ఉన్న పన్నెండు రోజుల్లో నీకు చెప్పాల్సినవి సగం చెప్పలేదు. ఎదురుగా ఉంటే చెప్పలేను, అది నా గుణం. అందుకే రాస్తున్నాను.

మీ ఊరు వచ్చేముందు కూర్మమ్మకు అంతా చెప్పాను. ఆవిడ చివరిదాకా విన్నది. తర్వాత నా ముఖానికి ఎదురుగా వచ్చి, నెమ్మదిగా, "అద్దం ఎందుకు ఏయించనేదు?" అంది. ఒక్కటే ప్రశ్న. చెవుల గురించి అడగలేదు. ఆ మాట మీద బస్సులో మీ ఊరిదాకా ఆలోచించాను. చెవులు పోవడం నా తప్పు కాదు. విరిగిన అద్దంతో నెల రోజులు తిరగడం నా తప్పు. పోతున్న చెవుల్ని దాచడం నా తప్పు. మూడేళ్లు నేను మొదటిదాన్ని పట్టుకుని ఏడిచి, ఈ రెండింటినీ వదిలేశాను.

కారు కింద పడుకున్న మూడు రోజులూ నాకు బాగుంది. తీగలకు గొట్టాలు తొడిగాను, ఇక ఎలుక పళ్లు దిగవు. అడుగున తుప్పు గీకి రంగు వేశాను. బ్యాటరీ చార్జి చేయించాను, ఇంకో ఏడాది వస్తుంది. పెద్ద అద్దాలు బిగిస్తుంటే నువ్వు ఎందుకన్నావు, వాటి మీద ఇంకా చిన్న గుండ్రటి అద్దాలు ఎందుకన్నావు. పదహారో తేదీ పొద్దున్న తెలిసింది నీకు.

ఆ పొద్దున్న గంపలతో వెళ్తుంటే నేను నీ పక్కన కూర్చున్నాను. వజ్రపుకొత్తూరు దాటాక అద్దంలో చూసి నీ భుజం తట్టాను. నువ్వు పక్కకు తీశావు. కొబ్బరికాయల లారీ వెళ్లిపోయింది. నువ్వు నా వైపు తిరిగి, "వాడింకా హారన్ కొట్టనేదు" అన్నావు. నీ పెదాల మీద ఆ మాట చదివాను. అప్పుడు నాకొకటి తెలిసింది. చెవులున్నవాళ్లు హారన్ కోసం ఎదురుచూస్తారు. నేను ఎదురుచూడాల్సిన పని లేదు, అద్దంలో ముందే చూస్తాను.

సాయంత్రం వలలు ఆరేసే మైదానంలోకి కారు తీసుకెళ్లి, తాళం నా చేతిలో పెట్టి, అవతల కూర్చున్నావు. తాళం పెట్టడానికి రెండుసార్లు తడుముకున్నాను. నువ్వు చూడనట్టు సముద్రంవైపు చూశావు. అందుకు నీకు దణ్ణం పెట్టాలి. నాలుగు చుట్లు తిప్పాను. ఇసుకలో దిగబడిపోయాం, జగ్గమ్మ, గురమ్మ తోశారు. జగ్గమ్మ ఏదో అంది. ఏమందని అడిగితే నువ్వు నవ్వి చెప్పలేదు.

నిన్న విజయనగరంలో చెవుల డాక్టరు దగ్గరకు కూర్మమ్మతో వెళ్లాను. కుడిచెవి పూర్తిగా పోయిందట. ఎడమదానికి మిషను పెట్టారు. మాటలు ఇంకా ముద్దముద్దగానే ఉన్నాయి. కానీ బయటికి రాగానే బస్సు హారన్ వినపడింది. ఉలిక్కిపడి కూర్మమ్మ చెయ్యి పట్టుకున్నాను. ఆవిడ ఏడ్చింది. బస్సు హారన్‌కి ఏడ్చేవాళ్లని ఎవరూ చూసి ఉండరు. అందరూ తిరిగి చూశారు.

లైసెన్సు సంగతి ఇంకా ఏమీ అనుకోలేదు. తొందరపెట్టకు.

అప్పలసూరి.

*

మంచినీళ్లపేట,
10 సెప్టెంబరు 2017.

అన్నయ్యకు,

జగ్గమ్మ ఆ రోజు ఏమందో ఇప్పుడు చెప్తాను. "ఈడు మీ అన్న కాదే, మా ఆయనలాగున్నాడు. నాలుగు సుట్లు తిప్పి ఆడోళ్ల సేత తోయించినాడు" అంది.

కారు బాగానే నడుస్తోంది. తంటాలు లేని రోజు మాత్రం లేదు. వానలో ముందు అద్దం తుడిచే వైపరు ఒకటి ఎగిరి ఎక్కడో పడిపోయింది. జగ్గమ్మ కిటికీలోంచి చెయ్యి పెట్టి గుడ్డతో తుడుస్తూ కూర్చుంది. మందస రోడ్డులో పంక్చరయితే నేనే జాకీ పెట్టి చక్రం మార్చాను. అటు వెళ్తున్న ఆటోవాడు ఒకడు ఆపి, దిగి, నట్లు బిగించి వెళ్లాడు. ఒకప్పుడు మా గంపలు చూసి ఆపకుండా వెళ్లినవాడే.

పై వీధివాళ్ల పెళ్లికి కారు కావాలన్నారు. చేపల కారమ్మా అంటే, కడుక్కుంటామన్నారు. నిమ్మకాయలతో, పసుపు నీళ్లతో మూడుసార్లు కడిగారు. పూలు కట్టారు. అగరొత్తుల కట్ట మొత్తం వెలిగించారు. పెళ్లికొడుకు దిగేటప్పుడు కళ్లలో నీళ్లు. అత్తవారు చూసి, "ఎంత మెత్తని మనసో" అనుకున్నారట.

ఇప్పుడు ఒక నిర్ణయం చెప్తాను. ఏప్రిల్ పదిహేను నుంచి జూన్ పధ్నాలుగు దాకా బోట్లు ఒడ్డునే ఉంటాయి. ఆ రెండు నెలలూ కారు ఇక్కడుంటే ఎలుకలకూ తుప్పుకూ ఆహారం. అందుకని ఏటా ఆ రెండు నెలలూ కారు నీ దగ్గర ఉండాలి. నేను నడిపి తెచ్చి అప్పజెప్తాను. కానీ లైసెన్సు లేనివాడికి నా కారు ఇవ్వను. బండి కాగితాల మీద నా పేరుంది, గుర్తుంచుకో.

తొందరపెట్టడం లేదు. ఏప్రిల్‌కి ఇంకా ఏడు నెలలుంది.

దేవి.

*

నెల్లిమర్ల,
23 నవంబరు 2017.

చిరంజీవి దేవికి ఆశీస్సులు.

తొందరపెట్టడం లేదని రాసి నువ్వు పెట్టిన తొందర అందింది.

పాత లైసెన్సు గడువు దాటిపోయింది, అందుకని డాక్టరు కాగితం తీసుకుని అక్టోబరులో దరఖాస్తు పెట్టాను. కిటికీ దగ్గర గుమాస్తా కాగితం చూసి, నన్ను చూసి, లోపలికి వెళ్లి, ఇంకొకాయన్ని తీసుకొచ్చాడు. ఇద్దరూ కలిసి ఉత్తర్వు వెతికారు. గంట పట్టింది. ఒకప్పుడైతే లేచి వచ్చేసేవాణ్ణి. కూర్చున్నాను.

నిన్న పరీక్ష. అసిరయ్య కారు తీసుకెళ్లాను. ఎనిమిది తిప్పాను, గట్టు ఎక్కించాను, వెనక్కి తీసి గీతల మధ్య నిలిపాను. బ్రేకు ఇన్‌స్పెక్టరు కుర్రతనం పోని మనిషి. పక్కన కూర్చుని రోడ్డు మీదకు తీయమన్నాడు. కొంత దూరం వెళ్లాక వెనకనుంచి వస్తున్న బస్సును చూసి పక్కకు తీసి దారిచ్చాను. అతను ఏదో రాసుకున్నాడు. దిగాక నాకు ఎదురుగా నిలబడి, నా కళ్లలోకి చూస్తూ, ఒక్కో మాటా విడదీసి, "ఇన్నాళ్లు ఎందుకు రాలేదండీ?" అన్నాడు. దానికి పెద్ద జవాబే ఉంది. దారిలో నిలబడి చెప్పేది కాదు. ప్యాసయ్యాను. కారు వెనక చెవి గుర్తున్న కాగితం అంటించుకోవాలట. అంటించుకుంటాను, దాచాల్సింది ఏమీ లేదు.

నీ షరతు ఒప్పుకున్నాను. ఏప్రిల్‌లో కారు తీసుకురా. శ్రీముఖలింగం గుడి చూడాలని కూర్మమ్మ ఎన్నాళ్లుగానో అంటోంది. అసలు ఎప్పట్నుంచి అంటోందో నాకు తెలియదు. ఆవిడ అన్నప్పుడు నాకు వినపడి ఉండదు.

పరీక్ష అయ్యాక అసిరయ్య తాళం నాకే ఇచ్చి పక్కన కూర్చున్నాడు. కూర్మమ్మ వెనక సీట్లో. విజయనగరం నుంచి ఇంటిదాకా నేనే నడిపాను. జనం, ఆటోలు, గోనె బేళ్ల లారీలు. కళ్లు రోడ్డు మీద, అద్దాల మీద. లోపలి అద్దంలో కూర్మమ్మ కనపడుతూనే ఉంది. దారి పొడుగునా ఏదో చెబుతూనే ఉంది. చేతులు తిప్పుతూ, మధ్యలో నవ్వుతూ. ఒక్క మాటా నాకు అందలేదు. చెవి మిషనుకి ఇంజను చప్పుడే నిండిపోయింది.

ఇంటి ముందు దిగాక నా ముందుకొచ్చి నడుం మీద చేతులు పెట్టి, "ఏటి, అంత సెప్తే ఒక్కదానికీ ఊ కొట్టనేదు?" అంది.

మూడేళ్లుగా ఇలాంటప్పుడు నవ్వి తల ఊపడం నాకు అలవాటు. నిన్న ఊపలేదు. "నాకేమీ వినపడలేదు. అన్నీ మళ్లీ సెప్పు" అన్నాను.

ఆవిడ అరుగు మీద కూర్చుని, నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, మొదట్నుంచి మొదలుపెట్టింది. దారిలో చెప్పినవే కాదు. ఈ మూడేళ్లలో చెప్పి విసిగి మానేసినవన్నీ. వాళ్ల చెల్లెలి మనవరాలి పేరు, పక్క వీధిలో ఎవరు పోయారో, పెరట్లో మునగచెట్టు ఎందుకు కొట్టించిందో. నిన్నటికి పూర్తికాలేదు. ఇవాళ పొద్దున్న కాఫీ ఇచ్చి మళ్లీ మొదలుపెట్టింది. ఇదిగో, ఇప్పుడూ వచ్చి ఎదురుగా కూర్చుంది.

రాస్తూ కూర్చుంటే ఆవిడ ముఖం చూడలేను. ముఖం చూడకపోతే వినలేను. కలం పక్కన పెడుతున్నాను.

నీ అన్న,
అప్పలసూరి.